ఎడమ తిరుగుడు తీగ

2094లో విశాఖ జనం వీధుల పేర్లు చెప్పడం మానేశారు. తీగల పేర్లు చెబుతారు. "శంఖపుష్పం దాటాక, అలసంద మొదట్లో రెండో ఇల్లు" అంటే చాలు, ఎవరైనా దారి చూపిస్తారు.

ఇరవై ఏళ్ల కిందట ఎండలకు రోడ్ల పక్క చెట్లన్నీ నిలువునా మాడిపోయాయి. అప్పుడు ఊరంతా ఇనుప స్తంభాలు పాతి వాటి మీద తీగలు పాకించారు. చిక్కుడు కుటుంబపు తీగల్నే ఎంచుకున్నారు. అవి త్వరగా అల్లుకుంటాయి. గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో ఎరువుగా మార్చుకుంటాయి. పైగా కాయలు కాస్తాయి. బడికి పోయే పిల్లలు నెత్తిమీద వేలాడే అలసంద కాయలు తుంచుకుని నములుతూ నడుస్తారు. పెద్దవాళ్లు ఎంత తొందరలో ఉన్నా నీడ దాటి అడుగు పెట్టరు.

ఆ తీగలు ఎండకు ఓర్చుకోవాలని శాస్త్రజ్ఞులు వాటి జన్యువుల్ని మార్చారు. కొత్త జన్యువుల్ని మొక్కల్లోకి మోసుకెళ్లడానికి ఒక వైరస్‌ను వాడారు. అది ఊళ్లో ఆగలేదు, అడవికీ పాకింది. కొన్నేళ్లకు చిక్కుడులో శంఖపుష్పం జన్యువు, శంఖపుష్పంలో గురివింద జన్యువు కనిపించసాగాయి. జన్యు పరీక్ష చేస్తే అన్నీ అన్నింటికీ చుట్టాలే. ఏ తీగ ఏ జాతిదో చెప్పడానికి ఆ పరీక్ష ఇక పనికిరాలేదు. వర్గీకరణ మళ్లీ పాత దారికే వచ్చింది. తీగ రూపం చూడాలి, నడవడి చూడాలి.

రూపం చూడటం ఎవరైనా నేర్చుకోవచ్చు. చిక్కుడైతే ఆకుకు మూడేసి చిట్టి ఆకులు. పువ్వుకు అయిదు రేకులు. వెనక నిలబడే పెద్ద రేకు ధ్వజం, ఇరుపక్కలా రెండు రెక్కలు, కింద అతుక్కుపోయి పడవలా ఉండే మిగతా రెండూ ద్రోణి. ద్రోణిలో పది కేసరాలు, తొమ్మిది ఒక కట్టగా, ఒకటి విడిగా. నడవడిని చూడటమే కష్టం. తీగ కొన రోజంతా గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఆసరా కోసం వెతుకుతుంది. ఎవరు కూర్చుని చూస్తారు?

ఆ కష్టాన్ని తీర్చింది అలివేణి. ఆమె కనిపెట్టిన పరికరం పేరు స్పర్శలేఖిని. చూడటానికి చేతి గాజులా ఉంటుంది. తీగ మొదట్లో తొడిగి కొన దాకా మెల్లగా జరపాలి. తీగ లేతగా ఉన్నప్పుడు దేన్ని తాకితే ఆ పక్క కణాలు బిగుసుకుంటాయి. ముదిరాక కూడా ఆ బిగువు కణుపు కణుపులో మిగిలే ఉంటుంది. లేఖిని దాన్ని చదువుతుంది. ఏది కర్ర, ఏది గాలి, ఏది వాన చినుకు, ఏది చీమ నడక, ఏది మనిషి చెయ్యి, అన్నీ విడదీసి చెబుతుంది. తీగ పుట్టినప్పటి నుంచి దేన్ని నమ్ముకుని పైకి వచ్చిందో అంతా వినవచ్చు.

అలివేణి మాత్రం ఎక్కువ మాట్లాడదు. ఊళ్లో చిన్న బడిలో చదివి వచ్చింది. కాలేజీలో మొదటి ఏడాదంతా హాజరు పలకడానికి కూడా గొంతు పెగిలేది కాదు. డాక్టర్ చారుమతి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక చిక్కుడు పువ్వు చేతికిచ్చి, "నాతో మాట్లాడక్కర్లేదు. దీంట్లో ఏముందో దీనికే చెప్పు, నేను వింటాను" అంది. అలా మొదలైంది. పన్నెండేళ్లుగా అలివేణికి అమ్మ తర్వాత అమ్మ చారుమతి మేడమే.

రెండేళ్ల కిందట చారుమతి ఆమెను తూర్పు కనుమల్లోని పాలమడుగు లోయకు పంపింది. "ఊరికే ఒకసారి తిరిగి రా వేణీ. నీ కళ్లకు ఏదైనా కనిపించవచ్చు."

కనిపించింది. ఒక బండ పక్కన, ఎండిన మోడును చుట్టుకుని, తెల్లటి ధ్వజమున్న తీగ. మామూలు మరమేకుకు చుట్లు ఎటు ఉంటాయో, చిక్కుడూ అలసందా శంఖపుష్పమూ కర్రను అటే చుట్టుకుంటాయి. దాన్ని కుడి తిరుగుడు అంటారు. ఈ తీగ ఎడమకు చుట్టుకుంది. అలివేణి చాలాసేపు దాని ముందే కూర్చుండిపోయింది. కనుగొన్నవాళ్లు జాతికి తమ పేరు పెట్టుకోకూడదని శాస్త్రజ్ఞుల ఆచారం. ఆమె తన గురువు పేరు పెట్టింది. అది చారుమతీ తీగ అయింది.

లోయకు అప్పటికే ముప్పు వచ్చి ఉంది. దాని కింద బ్యాటరీలకు పనికొచ్చే ఖనిజం దొరికింది. తవ్వకం మొదలైతే ఆరు పల్లెలు లేచిపోవాలి. ఇంకెక్కడా లేని జాతి ఒక్కటున్నా అక్కడ తవ్వకూడదని చట్టం. అందుకే ఆ తీగ జాతి తేల్చడానికి వర్గీకరణ సంఘం సమావేశమవుతోంది.

"పూలూ కాయలూ చూపిస్తే చాలు, యంత్రం ఎందుకు?" అని, తీగను కాపాడతానని లోయలోనే మకాం పెట్టిన చారుమతి ఫోన్లో రెండుసార్లు అంది. అలివేణి నవ్వి ఊరుకుంది. తన యంత్రం నోటితో గురువు పేరు పలికించాలని ఆమె ముచ్చట. చారుమతికి చెప్పకుండా, బండ దగ్గర వెదురు కర్రలకు పాకుతున్న తీగల్లో ఒకదాన్ని మొదలు నుంచి కొన దాకా కర్రతో సహా తెమ్మని పల్లెపెద్ద బుజ్జమ్మకు కబురు పెట్టింది.

సమావేశానికి ముందు రోజు మధ్యాహ్నం బుజ్జమ్మ ప్రయోగశాలకు వచ్చింది. భుజాన తడిగుడ్డ చుట్టిన పొడుగాటి వెదురు కర్ర.

"ఆ కండక్టరు దీనికీ టిక్కెట్టు కొట్టమన్నాడమ్మా! కూకుంటే గదరా టిక్కెట్టు, ఇది నిలబడే వచ్చింది గదా అన్నాను. బస్సంతా నవ్వే."

"చాలా కష్టపడ్డావు అవ్వా. అన్నం తిను."

"తింటాన్లే. ముందిది సూడు. ఎండలో వాడిపోద్ది." బుజ్జమ్మ కర్రను బల్లమీద పడుకోబెట్టి, దాన్ని పసిపిల్లలా నిమిరింది. "మా ఇళ్లు దీనిమీదే ఉన్నాయంట గదా."

"అవునవ్వా."

ఆమె భోజనానికి వెళ్లాక అలివేణి లేఖినిని తీగకు తొడిగింది. చేతులు కడుక్కుని పెళ్లి పీటల మీద కూర్చున్నంత బుద్ధిగా కూర్చుంది.

"తిరిగే దిశ చెప్పు" అంది.

"కుడి" అంది లేఖిని.

"సరిగ్గా చదువు. కంటికే కనిపిస్తోంది, ఎడమకు చుట్టుకుంది."

"చుట్టుకోలేదు. చుట్టారు."

అలివేణి గాజును వెనక్కి జరిపి మళ్లీ మొదటి కణుపు నుంచి చదివించింది.

"రాత్రంతా కొన కుడికే తిరుగుతుంది" అని లేఖిని చెప్పింది. "తెల్లవారాక ఒక మనిషి చెయ్యి వస్తుంది. దాన్ని విప్పి ఎడమకు చుడుతుంది. మెత్తటి నూలుదారంతో కడుతుంది. కణుపు ముదిరాక దారం తీసేస్తుంది. కొన మళ్లీ కుడికి తిరుగుతుంది."

"ఎన్ని కణుపుల్లో ఇలా?"

"అన్నింటిలో."

"ఒక్క చెయ్యేనా?"

"ఒక్కటే. తెలిసిన చెయ్యి. మన ప్రయోగశాలలో పాత తీగలన్నింటి మీదా ఉంది. పేరు చెప్పమంటావా?"

"వద్దు."

పేరు చెప్పక్కర్లేదు. లేత కొనను విరగకుండా ఎలా పట్టుకోవాలో అలివేణికి నేర్పింది ఆ చెయ్యే. చూపుడువేలి మీద ఆనించి, బొటనవేలితో నొక్కకుండా. ఆమె గాజును తీసి బల్లమీద పెట్టింది. అది పక్కకు దొర్లిపోతున్నా పట్టుకోలేదు.

మర్నాడు సమావేశానికి ముందే ఆమె సంఘం అధ్యక్షుడు వాచస్పతి గది తలుపు తట్టింది. తన తీగ కొత్త జాతి కాదని చెప్పేసి, తను సంఘానికి ఇచ్చిన కాగితాలు వెనక్కి తీసుకోవాలని వచ్చింది. లోపల వాచస్పతి ఎదుట చారుమతి కూర్చుని టీ తాగుతోంది. బుజ్జమ్మ తీగ తీసుకుని బస్సెక్కిందని తెలిసి రాత్రికి రాత్రే బయల్దేరినట్టుంది. చీర నలిగిపోయి ఉంది.

"చదివావా?" అంది చారుమతి.

అలివేణి తలూపింది.

"కూర్చో."

"మీరే చేశారా మేడమ్?"

"నేనే. మొదట్లో ఒక తీగ నిజంగానే ఎడమకు తిరిగేది. నేను ఒక్కదాన్నే చూశాను. విత్తనం కట్టకుండానే ఎండిపోయింది."

"ఇదైనా నిజమా?"

చారుమతి కప్పు కింద పెట్టింది.

"ఆ కాగితాలు మీరే రాసుకోవచ్చు కదా" అంది అలివేణి. "నన్నెందుకు పంపారు?"

"నేను చెబితే పదిమంది పది ప్రశ్నలు వేస్తారు. నీకు అబద్ధం చెప్పడం రాదని అందరికీ తెలుసు. నీ మొహం చూసి ఎవరూ ఏమీ అడగలేదు. అడిగారా?"

పన్నెండేళ్లలో ఈమె తనలో మెచ్చుకున్న గుణం ఒక్కటే. దాన్నే పనిముట్టులా వాడుకుంది. తీగను చుట్టినట్టే తననూ, విరగకుండా చుట్టింది. నొప్పి కూడా తెలియలేదు.

"నేను బయట నిజం చెప్పేస్తాను" అంది అలివేణి.

వాచస్పతి లేచి తలుపు గడియ పెట్టాడు. ముసలాయన, నెమ్మదిగా నడుస్తాడు.

"చెప్పమ్మా. నీ ఇష్టం. కానీ చెబితే ఈ ఒక్క లోయతో ఆగదు. నీ యంత్రం పనిచేస్తుందని తేలితే వచ్చే వారం నుంచి ఇలా ఒక్క జాతి పేరు మీద నిలిచిన ప్రతి వనంలోనూ తొడుగుతారు. మా ఊరి కనుమలో నల్లచుక్క లేని గురివింద ఉందని పుస్తకాల్లో చదివే ఉంటావు."

"చదివాను. చిన్నప్పుడు దాని బొమ్మ గీసుకున్నాను."

"ఆ తీగ చచ్చిపోయి తొమ్మిదేళ్లయింది. మామూలు గురివింద తీగను తెచ్చి పాతాను. ప్రతి పంటకూ గింజల మీద చుక్కలు నేనే గీకేస్తాను. కళ్లజోడు పెట్టుకుని, బ్లేడుతో." ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "దక్షిణాన దూలగొండి వనం, పైన కొండల్లో అడ్డాకు వనం, అన్నింటి వెనకా ఎవరో ఒకరి చెయ్యి ఉంది. మాలో మేం ఎప్పుడూ పైకి అనుకోలేదు. జాతి పోతే చట్టం పోతుంది. చట్టం పోతే అడవి పోతుంది. అడవి మాత్రం నిజమైనదే కదమ్మా."

"మీ అందరికీ తెలుసు" అంది అలివేణి మెల్లగా. "నాకొక్కదానికే తెలీదు."

వాచస్పతి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"లేఖిని చేతి స్పర్శను విడిగా చదువుతుందట కదా" అన్నాడు వాచస్పతి. "ఆ ఒక్కటీ తీసేయగలవా? గాలి, వాన, కర్ర, చీమ ఉండనీ. చేతిని మాత్రం చదవకుండా."

"అప్పుడు అది తప్పు చెబుతుంది."

"చెబుతుంది."

కిటికీలోంచి కింద అలసంద నీడలో కూర్చున్న బుజ్జమ్మ కనిపిస్తోంది. పక్కన కూర్చున్న వాళ్లెవరికో చేతులు తిప్పుతూ కండక్టరు సంగతి చెబుతోంది కాబోలు, అందరూ నవ్వుతున్నారు. నిజం చెబితే ఆమె ఇల్లు పోతుంది. ఇన్నేళ్లలో తనతో ఒక్క అబద్ధం కూడా ఆడనిది ఆ గాజు ఒక్కటే. నిజం చెప్పకపోతే దానికి తనే అబద్ధం నేర్పాలి.

అలివేణి సంచిలోంచి లేఖినిని తీసి, "నీకు నేర్పిన పాఠాల్లో ఒకటి తీసేయాలి" అంది.

"ఏ పాఠం తీసేయాలి?" అని అది అడిగింది.

"మనిషి చెయ్యి."

"తీసేస్తే కొన్ని తీగల దిశ తప్పుగా వస్తుంది. తీసేయమంటావా?"

"తీసెయ్."

చారుమతి దగ్గరకొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేయబోయింది. అలివేణి పక్కకు జరిగింది.

సమావేశం అరగంటలో ముగిసింది. పెద్ద హాల్లో అందరూ చూస్తుండగా గాజు తీగ మొదలు నుంచి కొన దాకా జరిగింది. "తిరిగే దిశ ఎడమ" అంది లేఖిని, ఎప్పటిలాగే నిదానంగా, ఎప్పటిలాగే నమ్మకంగా. అందరూ చప్పట్లు కొట్టారు. చారుమతీ తీగ కొత్త జాతి అనీ, పాలమడుగు లోయలో తవ్వకం ఆపాలనీ వాచస్పతి చదివి వినిపించాడు. కనుగొన్నవారు రెండు మాటలు చెప్పాలన్నారు. అలివేణి లేచి నమస్కారం పెట్టి కూర్చుంది. ఆమె మొహమాటం అందరికీ తెలిసిందే కాబట్టి అందుకూ చప్పట్లు కొట్టారు.

బయటికి రాగానే బుజ్జమ్మ ఎదురొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నిలబెట్టేవమ్మా మా ఊళ్లని! నీ కడుపు సల్లగుండ." కళ్లొత్తుకుని, ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది. "ఒక్క మాటడుగుతాను, నవ్వకు. ఆ తీగ ఎడంకేనా తిరుగుద్ది, నిజంగా?"

"ఎందుకడుగుతున్నావవ్వా?"

"కోడి కూసే యేళకి లేసి ఆ బండకాడికెళ్లి సూసేదాన్ని. దాని కొస ఎప్పుడూ కుడికే ఉన్నట్టు కనపడేది. సదువుకున్నోళ్లంతా ఎడమంటన్నారు, నాకేమో ఇలాగ. మా మనవడు నీ కళ్లు పోనాయే ముసలీ అని ఏడిపిత్తాడు. నువ్వు సెప్పు. నువ్వైతే ఉన్నదున్నట్టు సెప్తావు."

చారుమతి కొంచెం దూరంలో నిలబడి వింటోంది.

"ఎడమకేనవ్వా" అంది అలివేణి. బుజ్జమ్మ చేతుల్లోంచి తన చేతులు మెల్లగా తీసుకుంది. "సాయంత్రం బస్సుకు ఇంకా టైముంది. పద, ఆసుపత్రికి తీసుకెళ్తాను. నీ కళ్లు చూపిద్దాం."