ఏడు సీట్ల లెక్క

"మీ ఇంట్లో ఎంతమందండీ?" అని కారు బుకింగ్ రాసుకోవడానికి వచ్చిన లోవరాజు అడగ్గానే, సింగన్న ఆలోచించకుండా "ఏడుగురం" అన్నాడు.

మంచినీళ్ల గ్లాసుతో గుమ్మం దాటబోతున్న రోజారమణి అక్కడే ఆగిపోయింది. మామ్మ, నాన్న, అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్లిద్దరు పిల్లలు. ఏడుగురూ సరిపోయారు. మరి తనో?

"నాన్నా, నేనీ ఇంట్లో అద్దెకుంటన్నానేటి?"

"మాఘంలో పెళ్లై ఎల్లిపోయే పిల్లవి. నీకు సీటెందుకే?" అన్నాడు సింగన్న, జీడితోట సంగతి చెబుతున్నంత మామూలుగా.

బుకింగ్ ఫారంలో 'కుటుంబ సభ్యులు' అన్నచోట లోవరాజు ఏడు వేశాడు. రోజారమణికి ఒళ్లు మండిపోయింది. నాన్ననేమీ అనలేక గ్లాసు తెచ్చి అతని ముందు ఠక్కున పెట్టింది. సగం నీళ్లు బ్రోచర్ మీద ఒలికిపోయాయి.

"అయ్యో, కొత్త మోడల్ తడిసిపోయిందండీ!"

"మీ బండి వానకి ఆగుతాదో లేదో సూశాను," అని చక్కా వెళ్లిపోయింది.

అది రెండు వేల రెండు. అప్పటిదాకా చిన్న కార్లు తప్ప మరొకటి చేసి ఎరగని కంపెనీ ఒకటి, మూడు వరసల సీట్లున్న బండి తెచ్చింది. చిన్న కారుకి కాస్త పొడవు, కాస్త ఎత్తు. పెద్ద బండి కొనలేని పెద్ద కుటుంబాల కోసం. నర్సీపట్నం బస్సు కాంప్లెక్స్ దగ్గర షోరూంలో దాన్ని అమ్మిపెట్టే పని లోవరాజుది.

బండి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో ఒకసారి సంతకానికి, ఒకసారి ఫోటోకి, ఇంకోసారి రంగు ఖాయం చేసుకోవడానికి లోవరాజు ఆ ఇంటికి వస్తూనే ఉన్నాడు. నాలుగోసారి రోజారమణే ఎదురొచ్చింది.

"ఈ రోజు ఏటి మర్చిపోయారు?"

"ఇంకా ఆలోచించలేదండీ."

ఆమెకి నవ్వు ఆగలేదు. 'అండీ' పోవడానికి ఇంకో రెండు రాకలు చాలాయి. కోపం ఎప్పుడు ఇష్టంగా మారిందో ఆమెకే తెలీదు. అయితే ఆ ఇష్టం మీద పిడుగులాంటి కబురొకటి పడింది.

"శుక్రవారం సోడవరం నుంచి పెళ్లివారు వస్తన్నారు. నాన్నని అడుగుతావా, లేదా?"

"గురువారం డెలివరీ. అదయ్యాక అడుగుతాను. ముందే అడిగితే, పిల్ల కోసమే బండి అంటగట్టాడనుకుంటారు."

"కారు గురించి అరగంట ఆపకుండా సెప్తావు. నా గురించి ఒక్క ముక్క సెప్పలేవా?"

లోవరాజు తల వంచుకున్నాడు. ఆ రాత్రి రోజారమణి సరిగా అన్నం తినలేదు.

గురువారం పొద్దున్నే వానలో బండి వచ్చింది. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త బండి ఏదైనా ముందు తుని దగ్గర తలుపులమ్మ లోవ గుడికి వెళ్లాలి, ఇంటిల్లిపాదీ వెళ్లాలి. అందరూ కొత్త బట్టల్లో బిలబిలా ఎక్కేశారు. సోమలమ్మ మామ్మ ముందు సీట్లో, సింగన్న స్టీరింగ్ వెనకాల. ఏడు సీట్లూ నిండాయి. రోజారమణి అరుగు మీద, లోవరాజు గొడుగు కింద.

"పోనీరా, బేగి," అంది మామ్మ.

సింగన్న స్టీరింగ్ కేసి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి కొడుకు వీరేంద్ర కేసి చూశాడు.

"నాకు స్కూటరే వచ్చు నాన్నా!"

సీట్లు లెక్కపెట్టారు, మనుషుల్ని లెక్కపెట్టారు. నడిపేవాడిని మాత్రం ఎవరూ లెక్కలో వెయ్యలేదు. రోజారమణి పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మామ్మ ఆ కళ్లు చూసింది. "ఒరే సింగన్నా, ఆడపిల్లని గడప మీదొదిలేసి తల్లి దగ్గరకి ఏ మొకంతో ఎల్తావురా? పిల్లలిద్దర్నీ ఒళ్లో కూకోబెట్టండి. ఈ షోరూం అబ్బాయి నడుపుతాడు. రోజా, నువ్వెక్కు."

సింగన్న దిగి వెనక్కి సర్దుకున్నాడు. రోజారమణి ఆఖరి వరసలో కూర్చుంది. లోవరాజు అద్దం ఒకసారి సరిచేశాడు. తుని రోడ్డెక్కాక మళ్లీ సరిచేశాడు.

"ఎనక బళ్లేం రావట్లేదు బాబూ, ముందుకి సూడు," అంది మామ్మ. "ఏ ఊరు మీది?"

"కృష్ణదేవిపేటండి. కామమ్మగారి మనవడిని."

"వరి కళ్లాల కాడ పాటలు కట్టే కామమ్మా? మనోళ్లే కదరా!"

లోవలో పూజ అయింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. వాన వెలిసింది. లోవరాజు సింగన్న ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఈ బండి లీటరుకి..."

రోజారమణి నుదురు కొట్టుకుంది. ఆ చప్పుడుకి అతను ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

"బండి మాట తర్వాతండీ. రోజాని నాకిచ్చి పెళ్లి చెయ్యండి. తనంటే నాకు ప్రాణం. తనని ఏ లెక్కలోంచీ తియ్యను."

సింగన్న కూతురి కేసి చూశాడు. "నీకిష్టమేనా?"

ఆమె తలూపింది.

"మరి రేపు సోడవరం వాళ్లకేటి సెప్పాలే?"

"సీటు లేదని సెప్పు," అంది మామ్మ.

సింగన్నకే ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వుతో రోజారమణి గుండెల మీంచి రెండు నెలల బరువు దిగిపోయింది. బండికి ఆనుకుని నిలబడింది.

లోవరాజు డెలివరీ కాగితం తీశాడు. అందులోనూ 'కుటుంబ సభ్యులు' అని ఒక గడి ఉంది. సింగన్న పెన్ను అందుకున్నాడు. ఈసారి ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపిస్తూ, రోజారమణి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగి, లోవరాజు దగ్గర ముగించి, తొమ్మిది వేశాడు.