గూట్లో వెంట్రుకల ఉండ

వకుళ చర్మశోధినిలోంచి బయటికొచ్చేసరికి గుమ్మం మీద పచ్చదీపం వెలిగింది. ఒంటి మీద ఒక్క పురుగూ లేదని అర్థం. అయినా ఏడునెలల కూతురు ఆమె ఎత్తుకోగానే మెడ దగ్గర మూర్చూసి గుక్కపట్టింది. నిన్నట్నుంచీ ఇదే వరస. రొమ్ము పట్టదు, సీసా పట్టదు.

విశాఖలో స్నానాలు పోయి చాలాకాలమైంది. ఊళ్ళో నీళ్ళకంటే పావురాలు ఎక్కువయ్యాక, వాటి పురుగులు మనుషుల చర్మంలో కాపురం పెట్టాక, ఇంటింటా స్నానాలగది తీసేసి ఈ కాంతిగది పెట్టారు. పొద్దున్నే లోపల నిలబడితే ఒళ్ళంతా చదివి శుభ్రం చేస్తుంది. ఎర్రదీపం వెలిగిందా, ఇక మూలశుద్ధే. చర్మం పైపొర లేచిపోతుంది, బట్టలూ పరుపులూ పట్టుకెళ్ళి కాల్చేస్తారు. మొన్న వకుళకి ఎర్రదీపం వెలిగింది, మూలశుద్ధి అయింది. ఇరవయ్యో అంతస్తులో, ఏ జీవాన్నీ ముట్టని తనకి పురుగెలా పట్టిందో ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు.

శుద్ధికేంద్రానికి ఫోన్ చేస్తే, దీపం పచ్చగానే ఉంది కదమ్మా, ఇంకేం కావాలన్నారు. ఏం చెబుతుంది పాపం? నా పిల్లకి నేనెవరో తెలీడం లేదనడానికి నోరు రాలేదు. తన చెయ్యి తనే వాసన చూసుకుంది. ఏ వాసనా లేదు. అసలిది తన చెయ్యేనా అని అనుమానమొచ్చింది.

అత్తగారు నరసమాంబ ఉగ్గుగిన్నెతో పంచదార నీళ్ళు పడితే పిల్ల అవీ కక్కేసింది. దానికి ఏడ్చే ఓపిక కూడా తగ్గిపోతోంది.

"నీ పాత చీరొక్కటైనా ఉంచారు కాదే," అందావిడ.

"దువ్వెన కూడా కాల్చేశారత్తయ్యా."

దువ్వెన మాట వినగానే ఆవిడ తత్తరపడింది. రోజూ కోడలి తల దువ్వి, ఊడిన వెంట్రుకలు ఉండచుట్టి బాల్కనీ చువ్వల్లో దోపడం ఆవిడ అలవాటు. వెంట్రుకలకి స్టీలుగిన్నెలిచ్చేవాళ్ళు ఏనాడో మాయమయ్యారు, అలవాటు మాత్రం పోలేదు. దోపినవి మర్నాటికి కనిపించకపోతే గాలికి పోయాయనుకునేది.

ఒక్క ఉండైనా మిగిలిందేమోనని ఇద్దరూ బాల్కనీలోకి పరుగెత్తారు. ఏసీ డబ్బా వెనక పావురం గూడు. పుల్లల మధ్య మెత్తగా పరిచినవన్నీ వకుళ వెంట్రుకలే. ఆమె తల దువ్వించుకునేది ఆ డబ్బాకి ఆనుకునే. పురుగు ఎక్కణ్ణించి వచ్చిందో అప్పుడు తెలిసింది.

"వద్దే, నీకు మళ్ళీ పడుతుంది. పిల్లకీ పడుతుంది," అత్తగారు చెయ్యి పట్టుకుంది.

వకుళ చెయ్యి విడిపించుకుంది. ఒక ఉండ లాగి రవికెలో దోపుకుని పిల్లని ఎత్తుకుంది. అది ముక్కుతో వెతికింది, మూలిగింది, రొమ్మందుకుని ఆత్రంగా గుటకలు వేసింది. వకుళకి ప్రాణం లేచొచ్చింది. మరి ఇది అమ్మని గుర్తుపట్టిందా, ఆ ఉండనా? ఎటూ తేల్చుకోలేకపోయింది.

తాగుతూ తాగుతూనే పిల్ల బుగ్గని రవికెకేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది. రేపు పొద్దున్న దీనికీ ఎర్రదీపం వెలుగుతుంది. వకుళ వంగి పిల్ల మాడు వాసన చూసింది. ఎల్లుండికి ఈ వాసనా ఉండదు.