జత కాగితం

సంబంధాలు నిర్మించండి, సంబంధాలు నిర్మించండి అని మైకు పట్టుకుని ఊదరగొట్టే కోచ్‌లారా, ఆ నలభై పుస్తకాల అట్టలు ఊడిపోవడానికి కారణం మీరే. మీ దగ్గర జీతానికి కూర్చుని, మీరు చెప్పినట్టు రాసినవాణ్ణి నేను. నన్ను నేను వదిలిపెట్టుకోవడం లేదు, మిమ్మల్నీ వదలను.

మీ పద్ధతి నాకు కంఠతా వచ్చు. మొదటి మెసేజ్ పొగడ్త. రెండోది ప్రశ్న. మూడోది చిన్న సాయం. అవతలి మనిషి మెత్తబడ్డాక నాలుగోది అమ్మకం. దీనికి మీరు పెట్టిన పేరు స్నేహం. ఎవరో వ్యాపారి పేరూ ఫోటో పెట్టుకుని, ఆయన బదులు పన్నెండు మందిమి ఇరుకు హాల్లో కూర్చుని ఆన్‌లైన్‌లో స్నేహాలు చేసేవాళ్ళం. నా వంతుకు వచ్చింది పుస్తకాల అట్టలకు వేసే గుడ్డ అమ్మే పెద్దమనిషి. ఫోటోలో ఆయనకు గుబురు మీసాలు. నాకు మీసమే సరిగా రాదు.

ఒక వానరోజు వందమందికి ఒకేసారి పొగడ్త పంపాను. పేరు, వృత్తి నింపాల్సిన చోట నింపడం మరిచిపోయాను. "నమస్తే ——— గారూ, మీ ——— పని చూసి ముగ్ధుణ్ణయ్యాను" అని వెళ్ళిపోయింది. పదిమంది దండం బొమ్మ పెట్టి థాంక్స్ చెప్పారు. చదివింది మాత్రం ఒక్కరే.

"నమస్తే ఖాళీ గారూ, నా ఖాళీ పని చూసి ముగ్ధులయ్యారట. మా షాపులో పని నిజంగానే ఖాళీ. ఏదైనా ఉంటే పంపండి."

ఆమె బైండర్. తండ్రీ కూతుళ్ళిద్దరే నడిపే షాపు.

"క్షమించండి, గళ్ళు నింపలేదు" అని రాశాను.

"నింపితే ఏం రాసేవారు?"

"మీ పేరు. తర్వాత బైండింగ్ అని."

"నా పని చూశారా?"

"లేదండీ."

"మరి ముగ్ధులెలా అయ్యారు?"

"వారానికోసారి అవుతుంటాం. ఉద్యోగం."

గంట తర్వాత ఒక ఫోటో వచ్చింది. అట్ట వేయక ముందు పుస్తకం వీపు. ఆరు వరుసల తెల్లదారం కుట్టు, ఒక్క పోగు కూడా పక్కకు జరగలేదు. కింద రెండే మాటలు: "ఇప్పుడు అవ్వండి."

అయ్యాను.

రెండో వారం ప్రశ్న పంపాలి. నా దగ్గరున్న అచ్చు ప్రశ్న, "మీ వ్యాపారంలో మీరు ఎదుర్కొంటున్న సవాళ్ళు ఏమిటి?" అదే పంపాను. "సవాళ్ళంటే పెద్ద మాటండీ. కప్పు కారుతోంది" అంది. ఇక అచ్చు ప్రశ్నలు ఆమె ముందు పనిచేయవని అర్థమైంది. మధ్యమధ్యలో పంపక తప్పేది కాదు, పైనుంచి లెక్క చూసేవారు. మిగతావన్నీ నేనే రాసేవాణ్ణి. నాన్నగారి చేతులు వణకడం మొదలై సూది ఆమె తీసుకుందనీ, ఊరి లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బాగుచేసే పని ఒక్కటే మిగిలిందనీ, అది ఉన్నంతకాలమే షాపు ఉంటుందనీ అలా తెలిసింది.

"పేజీలు ఊడకుండా ఎలా ఉంటాయి?" అని ఓసారి అడిగాను.

"కాగితం ఒంటరిగా ఉండదండీ. మడతపెట్టి మధ్యలో కుడతాం. ప్రతి పేజీకీ వెనకెక్కడో ఒక జత పేజీ ఉంటుంది. ఒకటి కోసి చూడండి, రెండోది దానంతటదే ఊడొస్తుంది."

మూడు నెలలు గడిచాయి. కోచ్ నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏరా, ఈ బైండరమ్మకి నాలుగో మెసేజ్ ఏది? ప్రేమలో పడ్డావా?"

"లేదు సార్."

"పడినా నాకేం ఇబ్బంది లేదు. ఆర్డర్ తీసుకురా చాలు."

మీసాలాయన కొత్త గుడ్డ అమ్మాలి. ఫోన్ చేసి అడిగాను. "అయ్యా, ఇది తేమకి ఆగుతుందా?"

"నువ్వు రాసేవాడివా, బైండింగ్ చేసేవాడివా?"

"రాసేవాణ్ణే."

"అయితే రాయి."

రాశాను. తేమకు ఆగుతుందని, నా చేతులతో రాశాను. వెంటనే ఆర్డరుతోపాటు జవాబు వచ్చింది: "మీరు చెప్పారుగా, చాలు."

ఆ మాట చూసి హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అది చెప్పకుండా ఈ కథ చెప్పడం దొంగతనం.

వానలు ముదిరాయి. నలభై లైబ్రరీ పుస్తకాల మీద గుడ్డ బుడగలు లేచి, అంచుల దగ్గర ఊడి వేలాడింది. కుట్టు చెక్కుచెదరలేదు, కానీ కుట్టును ఎవరు చూస్తారు? అట్టనే చూస్తారు. పెద్దాయన చేతులు వణుకుతున్నాయి కాబట్టి పని పాడైందని లైబ్రరీవాళ్ళు తేల్చి, ఆ నలభైనీ షాపుకి తిప్పి పంపి, పని వేరేవాళ్ళకు ఇచ్చేశారు. ఆమె మెసేజ్ పెట్టింది. మీసాలాయన బ్లాక్ చేయమన్నాడు. కోచ్ ఆమె వరుసను జాబితాలోంచి తీసేసి, "పోతే పోయింది, ఇంకో తొంభైతొమ్మిది ఉన్నాయి" అన్నాడు.

బ్లాక్ చేసేముందు ఆమె చివరి మెసేజ్ చదివాను. "ఖాళీ గారూ, గుడ్డ పాడైందని కాదు. మీకు ముందే తెలుసా అని అడుగుతున్నాను."

ఆ రోజే ఉద్యోగం మానేశాను. పెద్ద గొప్పేం కాదు, మూడు నెలలు ఆలస్యం.

మర్నాడు తడుస్తూ షాపుకి వెళ్ళాను. చిన్న గది. మూల బకెట్‌లో కప్పు నుంచి చినుకులు పడుతున్నాయి. జిగురు వాసన. పెద్దాయన కిటికీ పక్కన చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చున్నాడు. ఆమె బల్ల దగ్గర నిలబడి అట్టలు కోస్తోంది. తలెత్తి నన్ను చూసి, మళ్ళీ దించుకుంది.

"ఎవరు బాబూ?" అన్నాడు పెద్దాయన.

"ఖాళీ గారు, నాన్నా" అంది ఆమె, కత్తి ఆపకుండా.

"మీకెలా తెలిసింది?" అన్నాను.

"ఆ మీసాల వయసులో ఎవరూ అలా రాయరు. రెండో వారమే తెలుసు. ఎవరో కుర్రాడు కూర్చుని రాస్తున్నాడు, ఎప్పటికైనా చెప్తాడులే అనుకున్నా. బ్లాక్ చేసిన మర్నాడే తడుస్తూ వచ్చిన కుర్రాడు ఇంకెవరవుతారు? గుడ్డ మీసాలాయన మాట మీద కొన్నాననుకుంటున్నారా? మీ మాట మీద కొన్నాను."

"నాకు తెలియదండీ, పాడవుతుందని. ఆగుతుందనీ తెలియదు. తెలియకుండానే ఆగుతుందని రాశాను."

"మంచిది. అడిగినదానికి జవాబొచ్చింది. ఇక వెళ్ళండి."

"అమ్మడూ, తడిసిపోయాడు, కూర్చోనీ" అన్నాడు పెద్దాయన.

"మన పుస్తకాలూ తడిశాయి నాన్నా. వాటిని ఎవరు కూర్చోబెట్టారు?"

పెద్దాయన బల్ల వైపు గడ్డం ఊపాడు. "అది చూపించు ఇతనికి. తేల్చుకోండి" అన్నాడు.

ఆమె బల్ల సొరుగులోంచి ఒక చిన్న పుస్తకం తీసి నా ముందు పెట్టింది. నా మెసేజ్‌లు. అన్నీ అచ్చు తీసి, మడతపెట్టి కుట్టింది. అట్ట ఇంకా వేయలేదు. దాని మీద కత్తి పెట్టింది.

"ఇందులో మీవి కానివి కోసేయండి."

కత్తి అందుకున్నాను. మొదటి పేజీ, ముగ్ధుణ్ణయ్యాను, కోశాను. సవాళ్ళు ఏమిటి, కోశాను. మీ ప్రయాణం స్ఫూర్తిదాయకం, కోశాను. తేమకు ఆగుతుంది దగ్గర ఆగాను.

"అది ఎవరిది?" అంది.

"మాటలు వాళ్ళవి. రాసింది నేను."

"అయితే ఉంచండి. అది కూడా మీదే."

ఉంచాను. పుస్తకం ఎత్తేసరికి లోపలినుంచి మరో మూడు కాగితాలు జారి కింద పడ్డాయి. నేను కోసినవి కావు. కప్పు కారడం గురించి నేను వేసిన జోకు. పెద్దాయన కళ్ళద్దాల గురించి అడిగినది. ఒకరోజు ఏమీ తోచక, "ఇవాళ మీరు కుట్టిన చివరి పుస్తకం ఏమిటి?" అని రాసినది. నిజమైనవే పడిపోయాయి.

"చెప్పానుగా, జత పేజీలు" అంది. "అబద్ధాలు కోస్తే నిజాలూ ఊడొస్తాయి. నాకు కోపం అందుకే."

నేల మీద కాగితాలు ఏరాను. తడి చేతులకు సిరా అంటింది. "ఇవి అంటించవచ్చా?"

"జిగురుతో నిలవవు. వెనక కొత్త జత పెట్టి మళ్ళీ కుట్టాలి."

"ఆ జతలో ఏం రాయాలి?"

"నన్నడుగుతారేం? ఖాళీ కాగితం ఇస్తాను. మీ పేరుతో రాయండి. ఒక్క పొగడ్త కనిపిస్తే చించేస్తాను."

"మిమ్మల్ని ఇష్టపడుతున్నానని రాస్తే పొగడ్త కిందికి వస్తుందా?"

ఆమె కత్తి నా చేతిలోంచి తీసుకుంది. నవ్వలేదు. కానీ వెళ్ళమని మళ్ళీ అనలేదు. పెద్దాయన కిటికీ వైపు తిరిగి, "సూదిలో దారం ఎక్కించడం వచ్చా అబ్బాయ్? నా బదులు అది చేసిపెట్టే మనిషి కావాలి" అన్నాడు.

నేను ఇప్పుడు రోజూ దారం ఎక్కిస్తున్నాను. పుస్తకం సగం కుట్టడమైంది. లైబ్రరీ పని మాత్రం తిరిగి రాలేదు. తప్పు గుడ్డదని నా పేరుతో మూడు ఉత్తరాలు రాశాను. నువ్వెవరు అన్నారు. వాళ్ళకు కావలసింది గుడ్డ అమ్మినవాడి మాట.

కాబట్టి మీసాల పెద్దమనిషీ, పేరు మీది, ముఖం మీది, గుడ్డ మీది. సోమవారం పొద్దున లైబ్రరీకి రండి. పాడైంది గుడ్డ, ఆ ముసలాయన చేతులు కావు అని మీ నోటితో చెప్పండి. కోచ్‌లారా, మీరూ ఆయన వెంట రండి. స్నేహం అంటే ఏమిటో పన్నెండు మందికి నేర్పారుగా, ఒక్కసారి చేసి చూపించండి. నలభై పుస్తకాలూ నేను మోసుకొస్తాను. మీరు రావాలి.