రెండోసారీ గడ్డకట్టింది

గొట్టాల్లో రక్తం ఆగిపోయింది.

ఐసీయూలో మూడో బెడ్. ఊపిరితిత్తులు పనిచేయని మనిషి. అతని బదులు ఎక్మో మెషీన్ ఊపిరి తీస్తోంది. ఒంట్లో రక్తాన్ని బయటికి లాగి, ఆక్సిజన్ కలిపి, తిరిగి లోపలికి పంపుతుంది. ఇప్పుడు ఆ మెషీన్ ఫిల్టర్ నిండా నల్లటి గడ్డలు.

డాక్టర్ హడావిడిగా ఫిల్టర్ మార్చి ప్రాణం నిలబెట్టాడు.

రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కించే బాధ్యత నర్సుది.

"కావాలనే మందు ఆపేసింది మేడమ్," అన్నాడు పేషెంట్ తమ్ముడు. "నిన్న మా వదినతో గొడవ పడింది."

అతని ఫిర్యాదు మీద వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టర్ నర్సు వైపు తిరిగింది.

"నిజమేనా?"

"చెప్పులతో లోపలికి రావద్దన్నానండి. అది గొడవైతే రోజూ పదిమందితో పడతాను."

"మందు?"

"ఒక్క చుక్క కూడా ఆపలేదు."

ఇన్‌స్పెక్టర్ నమ్మలేదు. నర్సును కింద గదిలో కానిస్టేబుల్ కాపలాలో కూర్చోబెట్టింది. డాక్టర్ తన చేత్తోనే హెపారిన్ డోసు పెంచాడు.

సాయంత్రానికి కొత్త ఫిల్టర్‌లోనూ గడ్డలు మొదలయ్యాయి.

నర్సు కింద ఉంది. మందు ఇంకా ఎక్కువే వెళ్తోంది. మరి ఇది ఎవరి పని?

ఇన్‌స్పెక్టర్ బెడ్ దగ్గరికి వచ్చింది. గొట్టాలు చూడడానికి డాక్టర్ దుప్పటి తొలగించాడు. పేషెంట్ బొడ్డు చుట్టూ చిన్న చిన్న మచ్చలు. కమిలి పసుపుపచ్చగా మారిన పాత గుర్తులు.

"ఇవేంటి?"

"ఇన్సులిన్ సూదులవి అనుకున్నాం," అన్నాడు డాక్టర్.

"మా ఆయనకి షుగర్ లేదే," అంది భార్య.

తమ్ముడు మెల్లగా తలుపు వైపు జరిగాడు.

"ఆగు బాబూ," అంది ఇన్‌స్పెక్టర్. "మా అమ్మకి తుంటి ఆపరేషన్ అయ్యాక బొడ్డు పక్కన ఇలాగే రోజూ సూది వేసేదాన్ని. రక్తం గడ్డకట్టకుండా. మీ అన్నయ్యకి ఆపరేషన్ ఎప్పుడైంది?"

అతను వదిన వైపు చూడలేదు.

"పోయిన నెల. మోకాలికి, చిన్న గాటుతో. బైకు మీంచి పడ్డాడు."

"బైకా?" అంది భార్య. "ఆయన అమ్మేశానన్నారుగా. పోయిన నెల ఆఫీసు పని మీద క్యాంపుకి వెళ్లారని నువ్వే చెప్పావుగా."

"నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు వదినా."

"ఆపరేషన్లేమైనా అయ్యాయా అని నేను అడిగాను కదయ్యా," అన్నాడు డాక్టర్.

"అప్పుడు వదిన పక్కనే ఉంది సార్."

డాక్టర్ హెపారిన్ పంపు వైపు చూశాడు.

"ఆ సూది మందు కూడా హెపారినే అయ్యుంటుంది. ఒకసారి వాడాక కొందరి ఒళ్లు దాని మీద తిరగబడుతుంది. మళ్లీ ఇస్తే ఆ మందే రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. నేనేమో ఇంకా పెంచాను."

అతను హెపారిన్ ఆపేసి వేరే మందు తెప్పించాడు. ఫిల్టర్ మళ్లీ మార్చారు.

ఇన్‌స్పెక్టర్ స్వయంగా కిందికి వెళ్లి నర్సును తీసుకొచ్చింది. తమ్ముడు ఎదురొచ్చాడు.

"సిస్టర్, నేను..."

"పక్కకి జరగండి. వెలుతురుకి అడ్డం."

నర్సు ఫిల్టర్ మీద టార్చి వేసి అన్ని మూలలా చూసింది. ఎక్కడా నలుపు లేదు. ఎర్రగా, నిండుగా రక్తం పారుతోంది.

భార్య చెప్పులు బయటే వదిలి వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది.

"లేవనీ," అంది మరిది వైపు చూడకుండా. "ముందు మీ అన్నయ్యని లేవనీ. బైకు సంగతి, నీ సంగతి అప్పుడు చెప్తాను."