ఎవరూ పెట్టెయ్యని ఫోను

"ముఠా మొత్తం దొరికింది!"

ఉదయం పదకొండింటికి ఆ కబురు డ్యామ్ కంట్రోల్ రూమ్‌కు చేరింది. రిజర్వాయర్ కట్ట తెంచి దిగువ పట్నాన్ని ముంచాలని చూసిన విదేశీ ముఠా అది. కబురు తెచ్చింది ఆ ముఠాలో మన తరఫున పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. పైకి మాత్రం ఆవిడ డ్యామ్ కన్సల్టెంట్. పట్టు స్కార్ఫ్, ఖరీదైన సెంటు.

మూడు వారాలుగా ఎలక్ట్రీషియన్ వేషంలో ఉన్న సీక్రెట్ ఏజెంట్ 'టెస్టర్' ఆమె బయటికి వెళ్లగానే భార్యకు ఫోన్ చేశాడు. పెళ్లయి పన్నెండు రోజులు, అదీ ఈ డ్యూటీ మధ్యలోనే. భార్య కూడా ఈ డ్యామ్‌లోనే గేజ్ రీడర్. ఎన్ని సెన్సర్లు వచ్చినా, మెట్లు దిగి గోడ మీది నీటిమట్టం స్కేలును కళ్లతో చూసి రాసుకోవడం ఆమె పని.

"సెలవు దొరికింది. రేపే ప్రయాణం!"

"నిజంగా? ఆగండాగండి, మీ స్క్రీన్ మీద నీటిమట్టం ఎంత?"

"నూట డెబ్భై రెండు అడుగులు."

"స్కేలు మీద నూట డెబ్భై మూడున్నర. పైనుంచి వరద వస్తోంది."

నూట డెబ్భై నాలుగు దాటితే మట్టికట్ట నిలవదు. బయట ఇంత గాలి, ఇన్ని అలలు. స్క్రీన్ మీది అంకె మాత్రం పొద్దుటి నుంచి కదల్లేదు.

"నువ్వు గేటు గదిలోకి వెళ్లు. ఫోన్ పెట్టెయ్."

"మీరే పెట్టెయ్యండి."

"ముందు నువ్వు."

పన్నెండు రోజులుగా ఇదే తంతు. ఎవరూ పెట్టెయ్యలేదు. ఫోన్ అలాగే చొక్కా జేబులోకి జారింది.

ప్యానెల్ విప్పాడు. సెన్సర్ వైరు మధ్యలో అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. స్క్రీన్‌కు పాత అంకెనే పంపుతోంది. చెయ్యి చాచాడు. మెడకు చల్లగా ఏదో తగిలింది. వెంటే సెంటు వాసన.

"ముట్టుకోకు టెస్టర్. దొరికినవాళ్లు కిరాయి మనుషులు. ఇంకో అరగంట గేట్లు తెరవకపోతే చాలు."

"కింద ఎనభై వేల మంది ఉన్నారు."

"అందుకేగా!"

కాళ్ల కింద నేల సన్నగా వణుకుతోంది. గడియారం ముల్లు నింపాదిగా నడుస్తోంది. పది నిమిషాలు గడిచాయి.

ఉన్నట్టుండి సైరన్ మోగింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి ఆగకుండా మోగుతూనే ఉంది. ఆ తర్వాత గేట్లలోంచి నీళ్లు దూకిన హోరుకు కిటికీ అద్దాలు అదిరాయి. కన్సల్టెంట్ తల తిప్పింది. ఆ అరక్షణం చాలు. పిస్తోలు బల్ల కిందికి జారింది, వైరు ముక్క ఆమె మణికట్లకు బిగిసింది.

"గేట్లు ఎవరు తెరిచారు?" ఆమె పళ్లు కొరికింది.

జేబులోంచి జవాబొచ్చింది. "నేనే! ముందు సైరన్, జనం ఒడ్డెక్కాక గేట్లు. రూల్ తప్పలేదు. అవునూ, మిమ్మల్ని అంత చనువుగా పిలుస్తోంది, ఎవరండీ ఆవిడ?"

"దారిలో చెబుతాను. రేపు ఆరింటి బస్సు."

"ఏడింటి బస్సుకు వెళ్దాం. ఆరింటికి నేను స్కేలు చూడాలి."