మంచు కొండ నుంచి మిర్చి కళ్ళానికి

"మీకిక్కడ నచ్చలేదు కదా?"

కేబుల్ కారు అద్దం మీద ఊపిరి ఆవిరి కట్టింది. దాన్ని చేత్తో తుడుస్తూ అడిగింది నజ్మీన్. కింద కజకిస్తాన్‌లోని ఆల్మటీ ఊరంతా తెల్లటి దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుంది.

"బాగుంది," అన్నాడు ఇలియాస్.

"మూడు రోజుల్నుంచీ అదే మాట. కొండ బాగుంది, బ్రెడ్ బాగుంది, చలి బాగుంది. ఇంకో మాట రాదా మీకు?"

"చాలా బాగుంది."

ఆమెకు నవ్వొచ్చింది గానీ పైకి నవ్వలేదు.

పెళ్ళయి ఇరవై రోజులు. గుంటూరులో పుట్టి పెరిగిన నజ్మీన్‌కి తొమ్మిదో తరగతి నుంచీ ఒకటే కోరిక, మంచులో నడవాలని. పెళ్ళిచూపుల్లో అతను "మీకేం ఇష్టం?" అనడిగితే, సిగ్గుపడకుండా అదే చెప్పింది. పర్చూరు పక్క ఊళ్ళో మిర్చి పండించే మనిషి, వారం తిరక్కుండా పాస్‌పోర్టుకి అప్లై చేశాడట. ఆ కబురు విన్నాకే ఆమె సరేనంది.

అత్తారింట్లో ఉన్న నాలుగు రోజులూ మిర్చి ఆరబోసిన కళ్ళం వైపు మాత్రం పోలేదు. ఆ ఘాటంటే భయం. మేడ మీద నుంచి చూస్తే దూరంగా ఎర్రచీర ఆరేసినట్టుండేది, అంతే.

ఇక్కడ మంచు కలలోలాగే ఉంది. చెట్ల కొమ్మల మీద దూదిలా నిలిచింది. అరచేతిలో పడి, చూస్తుండగానే నీటిచుక్కై జారిపోతోంది. ఇలియాస్ ఓపిగ్గా ఫోటోలు తీస్తాడు. తర్వాత పక్కకి పోయి, వెనక్కి తిరిగి ఫోన్లో గుసగుసలాడతాడు. ఎవరితో అంటే "ఊరికే" అంటాడు. ఆ మాట ఆమెకు చలికన్నా ఎక్కువ గుచ్చుకుంటోంది.

కొండ మీద చిన్న కేఫ్‌లో అతను టీ తేవడానికెళ్ళాడు. బల్ల మీద ఫోన్ మోగింది. అతని చెల్లెలు ఖుర్షిదా. నజ్మీన్ ఎత్తింది.

"అన్నయ్యా, ఎల్లుండి సాయంత్రానికి వాన ఖాయమంట. కాయంతా కళ్ళంలో పరిచే ఉంది. కూలీలు దొరకట్లా. నేనూ అమ్మా ఇద్దరం ఎంతని ఎత్తుతాం?"

"నేను, ఖుర్షిదా."

"అయ్యో వదినా, నీకు చెప్పొద్దన్నాడు. నీ సరదా పాడవుద్దంట."

ఇలియాస్ రెండు కప్పులతో వచ్చి, ఆమె చేతిలో ఫోన్ చూసి ఆగిపోయాడు.

"నేనింకా మీకు ఎవరో ఉన్నారనుకున్నాను," అంది నజ్మీన్. "నాకంటే ముందు నుంచీ."

అతను కప్పులు బల్ల మీద పెట్టాడు. "ఉంది. పదేళ్ళ నుంచీ."

కప్పు అందుకోబోయిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకుంది.

"మిరపతోట," అన్నాడు.

ఈసారి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "టిక్కెట్లు మార్చండి. వెళ్ళిపోదాం."

"ఇంకా మూడు రోజులుంది. ఎన్నాళ్ళ కోరిక నీది."

"మంచు చూశాను. దాని పక్కనున్న మనిషి మొహం చూశాక ఇంకేం కనపడట్లేదు."

మూడో రోజు మధ్యాహ్నానికి గన్నవరం విమానాశ్రయంలో దిగారు. కారు పర్చూరు దాటేసరికి నాలుగైంది. రోడ్డుకి రెండు వైపులా ఏరిన పత్తిచేలు, అక్కడక్కడా మిగిలిన తెల్లటి దూది. పడమర నుంచి నల్లటి మబ్బు ఎక్కివస్తోంది.

నజ్మీన్ కళ్ళం దగ్గర కారు దిగి నిలబడిపోయింది. అరెకరం మేర ఎరుపు. మబ్బు నీడలో ఆ కాయలు నిప్పుల్లా ఉన్నాయి. గాలి వీస్తే గలగలమంటున్నాయి. ఇన్నాళ్ళూ ముక్కు మూసుకుని తప్పించుకున్నది ఇంత అందంగా ఉంటుందని ఆమెకెవరూ చెప్పలేదు.

చున్నీ మూతికి కట్టుకుని కళ్ళంలోకి దిగింది.

"కొత్త పెళ్ళికూతురివి, నీకెందుకమ్మా?" అంది అత్త గుల్జార్ బేగం.

"ఆ పట్ట కొస పట్టుకోండత్తమ్మా, ఎగిరిపోతోంది."

పక్క కళ్ళం రైతు కోటి కూడా పరుగెత్తుకొచ్చాడు. కాయని కుప్పలకి తోశారు, పట్టలు కప్పారు, రాళ్ళు పెట్టారు. ఒక మూల నాలుగు బుట్టల కాయ మిగిలి ఉండగానే చినుకులు టపటపా మొదలయ్యాయి. అదొక్కటీ తడిసింది. చివరి కుప్పకి రాళ్ళు చాలలేదు. పట్ట గాలికి లేస్తుంటే ఇలియాస్ దాని అంచు మీద కూర్చున్నాడు. నజ్మీన్ వెళ్ళి పక్కన కూర్చుంది. మిగతావాళ్ళు వరండాలోకి పరుగెత్తారు.

వాన ఇద్దరి మీదా ధారగా కురుస్తోంది. ఆమె చేతులు భగ్గుమంటున్నాయి. అతను ఆ అరచేతులు వానకి పట్టి, మెల్లగా కడిగాడు.

"నిన్నంత దూరం ఎందుకు తీసుకెళ్ళానో తెలుసా?" అన్నాడు. "ఇక్కడ నన్ను చూస్తే నచ్చనేమోనని. ఈ మట్టి, ఈ కారం, ఈ నేను. ఇదే నా బతుకు, నజ్మీన్. ఇంతకన్నా ఏం లేదు."

"అక్కడ మీరెవరో నాకు తెలీలేదు. కోటు తొడుక్కుని నవ్వే ఎవరో మనిషి. ఇందాక పట్ట పట్టుకుని పరుగెత్తారే, ఆ మనిషి నచ్చాడు నాకు. చాలా."

అతను ఆమె చేతుల్ని వదల్లేదు. తడిసిన నేల వాసన, పట్ట కింద వెచ్చటి మిర్చి వాసన కలిసి చుట్టూ కమ్ముకున్నాయి. ఆమె కళ్ళు మూసుకుని అతని భుజానికి ఆనుకుంది.

"అమ్మాయ్, వాన వెలిసి ఎంతసేపైంది," వరండాలోంచి కేకేసింది గుల్జార్ బేగం. "ఇంకా అక్కడేం చేస్తున్నారు?"

నజ్మీన్ కళ్ళు తెరిచింది. ఎప్పుడు వెలిసిందో ఇద్దరికీ తెలియలేదు.

"గాలుందత్తమ్మా," అంది. "లేస్తే పట్ట ఎగిరిపోద్ది."

కళ్ళం చుట్టూ ఆకైనా కదలడం లేదు. గుల్జార్ బేగం నవ్వుకుంటూ లోపలికెళ్ళిపోయింది.