కంప పాడిన పాట

"కంపా? నిజంగా కంపే తెమ్మన్నాడా సారు?" అని చిన్నప్ప మూడోసారి అడిగాడు.

"అవునబ్బా, కంపే! నా చెవులతో విన్యా," అంది రోషన్‌బీ.

విన్నది చెవులతోనే. కాకపోతే విన్నది సగమే. మిగతా సగాన్ని పిండిమిషను మింగేసింది.

అది పెనుకొండలో ఒక బడి. ఏడో తరగతి కిటికీ పక్కనున్న ప్రహరీగోడకు ఆనుకుని ఓబుళప్ప పిండిమిషను ఉండేది. కరెంటు పోతే మిషను నోరు మూసుకునేది. కరెంటు వస్తే బడి నోరు మూసుకునేది. గోడకు అవతల రాగులు పిండి అయ్యేవి, ఇవతల పాఠాలు పిండి అయ్యేవి.

సైన్సు చెప్పే జయరాముడు సారు గొంతు ఆ రోజుల్లో దొరికే రేషన్ చక్కెర లాంటిది. తియ్యగా ఉంటుంది, కొంచెమే వస్తుంది. ఆ మధ్యాహ్నం ఆయన ఏదో ముఖ్యమైన సంగతి చెబుతుండగా కరెంటు వచ్చింది. మిషను డబడబమంటూ మొదలైంది. వెనక బెంచీల వాళ్ళకు వినిపించింది ఇంతే:

"రేపు అందరూ డబడబ మంచి కంప డబడబ తేవాల. ఎవరిది బాగుంటే వాళ్ళని డబడబ హిందూపురం డబడబ! అర్థమైందా?"

రోషన్‌బీకి అర్థం కాలేదు. కంప అంటే ముళ్ళకొమ్మలు. చేను చుట్టూ వేస్తారు, గొర్రెలదొడ్డి చుట్టూ వేస్తారు. బడికి ఎందుకు?

లేచి అడగొచ్చు. కానీ ఆమె క్లాసు లీడరు. లీడరే లేచి "నాకు వినపడలేదు సార్" అంటే ముందు బెంచీల వాళ్ళు నవ్వరూ? రోషన్ అంటే వెలుగు అని వాళ్ళ నాయన ఏరికోరి ఆ పేరు పెట్టాడు. పిల్లకు మాత్రం రోషన్ తక్కువై, రోషం ఎక్కువైంది.

అందుకే అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అరిచింది. "అర్థమైంది సార్!"

ఇప్పుడు బడి వదిలాక వెనక బెంచీలన్నీ ఆమె చుట్టూ మూగాయి.

"ఏం కంప తేవాల?" అన్నాడు చిన్నప్ప. వాళ్ళది గొర్రెలూ మేకలూ మేపే ఇల్లు. కంప సంగతి వాడికి బాగా తెలుసు.

"తుమ్మకంపో, రేగుకంపో. ముండ్లు ఎంత పొడుగుంటే అంత మంచిది."

ఈ ఆఖరి మాట సారు అనలేదు. అది రోషన్‌బీ సొంత కవిత్వం.

"హిందూపురంలో ఏముండాది?"

"ఏటేటా జరిగే సైన్సు ఎగ్జిబిషన్ గదా! రైలెక్కి పోయేది!"

ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్ళు నిజంగానే వెలిగాయి. రోజూ రైలు కూత వినడమే గానీ, రోషన్‌బీ ఇంతవరకు రైలెక్కలేదు. వాళ్ళ నాయన మాబుసాబ్ మైకుసెట్టు వేసుకుని ధర్మవరం పెళ్ళిళ్ళకు పోతాడు, కదిరి తేరుకు పోతాడు. అడిగినప్పుడల్లా "వచ్చేసారి తీసుకపోతాలే" అంటాడు. ఆ వచ్చేసారి ఎప్పుడూ వచ్చేదే గానీ, వచ్చింది కాదు.

ఈసారి తన కంపతో తనే పోతుంది!

* * *

ఇంటికి పోగానే రోషన్‌బీ మూలనున్న కొడవలి తీసింది. అవ్వ గౌసియాబీ అరుగు మీద కూర్చుని తన పాత గ్రామఫోనును తుడుస్తోంది. చేత్తో కీ ఇచ్చే బూర గ్రామఫోను అది. ఏడాదిగా మూగబోయింది. దాని ముల్లు అరిగిపోయింది, కొత్త ముల్లు ఎక్కడా దొరకలేదు. అయినా అవ్వ రోజూ తుడుస్తుంది.

"ఏమే పాపా, కొడవలి ఏమిటికి?"

"కంప కోసేదానికి."

"ఏమీ? పంపా?"

"కంప!"

"ఏమీ? ఇంగోసారి చెప్పు."

"కం... ప! ఎన్నిసార్లు అడుగుతావు అవ్వా? నీకు సిగ్గు కాదా?"

అవ్వకు కోపం రాలేదు. బోసినోటితో నవ్వింది.

"నా చెవులు చెడినాయి గానీ, నా పని ఎప్పుడూ చెడలేదే. అడుగుతాను గదా! ఇంతకీ బడికి కంప ఎందుకంట? గొర్రెల్ని చేర్చుకుంటాండారా?"

"అది సైన్సు. నీకు తెల్దులే."

"నీకు తెలుసునా?"

అవ్వకు చెవుడు గానీ, ఆ ప్రశ్న మాత్రం రోషన్‌బీకే వినపడలేదు. కనీసం వినపడనట్టు వెళ్ళిపోయింది.

* * *

మర్నాడు పొద్దున ముందు బెంచీల పిల్లలు చిన్న చిన్న వస్తువులతో వచ్చారు. ఒకరు స్టీలు గిన్నె, గరిటె. ఒకరు రబ్బరుబ్యాండు చుట్టిన అగ్గిపెట్టె. ఇంకొకరు కాగితం చుట్టిన దువ్వెన.

తరవాత వెనక బెంచీలు వచ్చాయి.

ముందు రోషన్‌బీ, తలమీద రేగుకంప. వెనక పదకొండుమంది, ఒక్కొక్కరి వెంట ఒక్కో కంప. మట్టిలో ఈడ్చుకొస్తుంటే బడి ముందంతా దుమ్ము. అందరికంటే వెనక చిన్నప్ప, కాయలతో ఉన్న తుమ్మకంప. ఆ కాయల వెంట వాళ్ళ మేకలు నాలుగు. మేకలకు సైన్సు మీద చాలా ఆసక్తి ఉన్నట్టుంది, తరగతి గడప దాకా వచ్చేశాయి.

సరిగ్గా అప్పుడే హెడ్మిస్ట్రెస్ అనసూయమ్మ బయటికి వచ్చింది. ఆ రోజే కొత్త ధర్మవరం పట్టుచీర కట్టుకుంది. చీర అంచు కంపకు తగులుకుంది. అంచు వదిలించబోతే కొంగు తగులుకుంది.

"కదలొద్దు మేడం, చిరిగిపోతాది!" అని పిల్లలు అరిచారు.

మేడం కదల్లేదు. గొంతు మాత్రం బాగా కదిలింది.

"బడి అనుకున్నారా, బందెలదొడ్డి అనుకున్నారా? ఎవరు చెప్పినారు ఈ కంప తెమ్మని?"

పదకొండు వేళ్ళు ఒకే వైపు చూపించాయి. "రోషన్‌బీ చెప్పింది మేడం!"

జయరాముడు సారు పరుగెత్తుకొచ్చి, ఒక్కో ముల్లూ వదిలించాడు. చీర చిరగలేదు. పిల్లలందరూ ఊపిరి వదిలారు.

"ఏమ్మా రోషన్‌బీ, ఇదేమిది?" అన్నాడు సారు.

"మీరే గదా సార్ తెమ్మనింది. మంచి కంప..."

"కంప కాదమ్మా. కంపనం! కంపనం చూపించే వస్తువు ఏదైనా తెమ్మన్యా. కంపనమంటే వణుకు. శబ్దం పుట్టేది దాంతోనే."

ముందు బెంచీలు గొల్లుమన్నాయి. "కంప లీడరు! కంప లీడరు!"

కంపకూ కంపనానికీ మధ్య ఉన్నది ఒక్క 'నం'. ఆ ఒక్క 'నం' నిన్న మిషనులో పడి నలిగిపోయింది.

రోషన్‌బీ గడ్డం వణికింది. కంపనమంటే ఏమిటో ఏ వస్తువూ లేకుండానే తెలిసిపోయింది. రైలు కూత ఎక్కడో దూరంగా పోతున్నట్టు అనిపించింది.

"వినపడకపోతే ఎందుకు అడగలేదు?" సారు మెల్లగా అడిగాడు.

మిషను వల్లే అనొచ్చు. చిన్నప్పే తప్పు విన్నాడు అని కూడా అనొచ్చు. రోషన్‌బీ నేల వైపు చూసింది.

"అడిగితే నవ్వుతారని, సార్. వినపడకుండానే అర్థమైంది అన్యా. వీళ్ళకు కూడా నేనే తప్పు చెప్పినా."

చిన్నప్ప తల గోక్కున్నాడు. "మాకూ వినపడల్యా సార్. ఆయమ్మికి అర్థమైందంటే మాకూ అర్థమైనట్టే గదా అని ఊరకుండినాం."

సారుకు నవ్వొచ్చింది. "సరే, కంప బయటపెట్టి రాండి. మేకల్ని కూడా."

* * *

ఆ పొద్దున కరెంటు లేదు. మిషను పడుకుంది. సారు గొంతు చివరి బెంచీ దాకా వినిపించింది.

ఆయన గిన్నెను గరిటెతో కొట్టాడు. ఖంగ్‌మంది. "వేలు పెట్టి చూడండి."

చిన్నప్ప వేలు పెట్టాడు. "జుమ్మంటాది సార్! చీమలు పాకినట్టుండాది!" గట్టిగా పట్టుకున్నాడు. వణుకు ఆగింది. శబ్దమూ ఆగింది.

"చూసినారా? గిన్నె వణికితే దాని పక్కనుండే గాలి వణుకుతుంది. ఆ గాలి పక్క గాలిని నెడుతుంది. అట్లా అలలు అలలుగా మీ చెవి దాకా వస్తుంది. అదే శబ్దం."

"అలా వస్తుందా సార్?" అన్నాడు ఒకడు.

"అలా కాదు, అలలా!" అన్నాడు సారు. తరగతి నవ్వింది.

"మిషను మనకు కనపడుతుందా? లేదు. వెలుగు గోడ దగ్గరే ఆగిపోతుంది. శబ్దం అట్లా కాదు, గోడ మీదుగా వంగి కిటికీలోంచి వచ్చేస్తుంది. అందుకే ఓబుళప్ప కనపడకుండానే వినపడతాడు!"

రోషన్‌బీ చెయ్యి ఒళ్ళో ఉంది. అరచేతిలో ఒక రేగుముల్లు గుచ్చుకుని ఉంది. దాన్ని పీకి చూసింది. ముల్లు. ఇంట్లో అవ్వ గ్రామఫోనుకు లేనిది కూడా... ముల్లే!

అడగాలా? మళ్ళీ నవ్వుతారేమో. గుండె గిన్నెకంటే గట్టిగా మోగింది. అయినా లేచి నిలబడింది.

"సార్, మా ఇంట్లో అవ్వ గ్రామఫోను ఉండాది. ప్లేటు మీద తిరిగేది ముల్లే గదా. ఈ ముల్లు పెడితే పాడతాదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సారు నవ్వలేదు. దగ్గరికొచ్చి ముల్లు తీసుకుని చూశాడు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు.

అందరి తలలూ పైకి లేచాయి. సారుకు కూడా తెలియనివి ఉంటాయా? తెలియదని ఇంత సులువుగా చెప్పొచ్చా?

"తెలీదు గాబట్టే చూద్దాం. పోయి గ్రామఫోను తెమ్మని మీ నాయన్ని పిలుచుకురా."

* * *

మాబుసాబ్ గ్రామఫోనును సైకిలు మీద పెట్టుకొచ్చాడు. దాన్ని ఒంటరిగా పంపడానికి ఒప్పుకోని అవ్వ వెనకాలే నడిచొచ్చింది. వరండాలో బల్ల వేశారు. బడంతా చుట్టూ మూగింది. చీర సర్దుకుంటూ అనసూయమ్మ కూడా వచ్చింది, కంపకు మూడు గజాల దూరంలో నిలబడింది.

"రేగుముల్లు వంకర. తుమ్మముల్లయితే తిన్నగుంటాది," అని చిన్నప్ప వెతికి వెతికి ఒక తెల్లటి ముల్లు తెచ్చాడు. మాబుసాబ్ దాన్ని కత్తెరతో కురచ చేసి, పాత ముల్లు ఉండే చోట మరతో బిగించాడు. సారు ప్లేటును వెలుతురులో వాల్చి చూపించాడు. నల్లటి ప్లేటు మీద సన్నటి గీతలు మిలమిల మెరిశాయి.

"ఈ గీతలన్నీ వంకరటింకర అలలు. ముల్లు వాటిమీద పోతూ వణకాల. వణికితే పాట."

అవ్వ కీ ఇచ్చింది. ప్లేటు తిరిగింది. రోషన్‌బీ ముల్లును మెల్లగా దించింది.

కర్... కర్ర్... కర్ర్ర్...

అంతే. రోషన్‌బీ బూర వైపు ఒంగింది.

ఆ గరగరలోంచి, సన్నగా, దోమ పాడినట్టు, పెళ్ళి సన్నాయి బయటికొచ్చింది. తరవాత దోమ తుమ్మెదైంది. తుమ్మముల్లు తుమ్మెదైంది!

"కంప పాడతాండాది రోయ్!" అని చిన్నప్ప గంతేశాడు.

అవ్వ బూరకు చెవి ఆనించింది. ఏడాది తరవాత తన పాట వినేసరికి ఆమె ముఖం విచ్చుకుంది. "ముల్లును ముల్లుతోనే తీస్తారంటారు. ఇదేందబ్బా, ముల్లులోంచి పాట తీసినారు!"

సారు పిల్లల వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది.

డబడబడబడబ!

సారు పెదాలు కదిలాయి. "హిందూపురానికి డబడబడబ!"

"ఏమన్నాడు? ఎవరంట?" చిన్నప్ప రోషన్‌బీ చెవిలో అరిచాడు.

రోషన్‌బీ నోరు తెరిచింది. తన పేరే నాలుక చివరి దాకా వచ్చింది. నోరు మూసుకుంది. చెయ్యి పైకెత్తింది, బడంతా చూస్తుండగా.

"ఏమీ? ఇంగోసారి చెప్పండి సార్! నాకు వినపడల్యా!"

అచ్చం అవ్వ గొంతే.

సారు దగ్గరికొచ్చి, రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని అరిచాడు. "నువ్వూ, చిన్నప్పా! ఈ గ్రామఫోనూ, ఆ ముల్లూ! శనివారం పొద్దున రైలు!"

రోషన్‌బీ గంతేసే లోపలే అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏమీ? ఏమన్నాడు? ఈ కంప కథేమి? మొదట్నుంచి చెప్పు!"

అవ్వకు చెవుడు. పక్కన మిషను. ఇక గుసగుసలాడితే కుదరదు. రోషన్‌బీ ఊపిరి పీల్చుకుని గొంతెత్తింది.

"సారు కంపనం అన్నాడు అవ్వా!"

"ఏమీ?"

"కంపనం! నేను కంప అనుకున్యా!"

"ఇంగోసారి!"

బయట ఇంత గుంపేమిటా అని ఓబుళప్ప మిషను ఆపాడు. ఉన్నట్టుండి ఊరంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో రోషన్‌బీ గొంతు బడి దాటి, వీధి దాటి, కొండకు తగిలి తిరిగొచ్చేటంత గట్టిగా మోగింది:

"నాకు వినపడలేదు! నేను అడగలేదు!"

గోడ మీదుగా పిండి పూసుకున్న ముఖం ఒకటి పైకి లేచింది. ఓబుళప్ప ముఖం.

"ఏమి వినపడలేదు పాపా? నాకు అర్థం కాల్యా. ఇంగోసారి చెప్పమ్మా."

రోషన్‌బీ నవ్వేసింది. బల్ల ఎక్కి నిలబడి, ఓబుళప్పకూ, అవ్వకూ, మేడంకూ, మేకలకూ అందరికీ వినపడేలా మొదట్నుంచి మొదలుపెట్టింది.

"నిన్న మధ్యాహ్నం సారు పాఠం చెబుతాంటే, నీ మిషను మొదలైంది ఓబుళప్ప మామా..."